డిటెక్టివ్ నవలలు చదవవచ్చునా?



మన పత్రికకు వచ్చే ఉత్తరాలలో తరచు కనిపించే ప్రశ్న ఇది. పట్నంలో చదువుకునే అబ్బాయి సెలవులకు ఇంటికి వస్తాడు. అతని సంచిలో హత్యల నవల ఒకటి బయటపడుతుంది. దాన్ని ఉంచాలా, పొయ్యిలో పెట్టాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. చదవకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక ఈ నెల అటువంటి పుస్తకాలే చదివాను. కొన్ని కొత్తగా చదివినవి, కొన్ని పాతవే మళ్లీ తిరగేసినవి.

గౌలిపురలో ఉండేవారికి పుస్తకాల కరువు లేదు. చార్మినార్ మీదుగా నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది ఇదే. ఇంకొంచెం ముందుకు పోతే కోఠీలో పాత పుస్తకాల కొట్లు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు గాని, పాస్టర్లకు ఆ భాగ్యం సాయంత్రం తప్ప దొరకదు!

మొదట మన తెలుగువారి సంగతి. కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరమంతటికీ ఇంటి మనుషులు. అద్దెకు పుస్తకాలిచ్చే కొట్లు వీధి వీధినా ఉన్న రోజులలో ఈ నవలలు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. మళ్లీ చదివితే నాకు నచ్చినది ఇది: యుగంధర్ దయ్యాన్ని పట్టుకోడు, మనిషిని పట్టుకుంటాడు. కాలిగుర్తు, ఉత్తరం, అబద్ధం చెప్పిన సాక్షి, వీటితోనే చిక్కుముడి విప్పుతాడు. నచ్చనిది కూడా చెప్పాలి. కథ పరుగులో చచ్చినవారి కోసం ఏడ్చేవారు తక్కువ. శవం కథకు ఆరంభం మాత్రమే అయిపోతుంది.

మా పాతబస్తీలో ఉర్దూ చదివే పెద్దలకు ఇంకొక పేరు ప్రియమైనది, ఇబ్నె సఫీ. 1952లో అలహాబాదులో ‘జాసూసీ దునియా’ నవలలు మొదలుపెట్టి, అదే సంవత్సరం కరాచీకి వెళ్లిపోయి, 1980లో చనిపోయేవరకు రెండు వందలకు పైగా నవలలు వ్రాసినవాడు. అశ్లీలం ఉంటేనే పుస్తకాలు అమ్ముడవుతాయని ఎవరో వాదిస్తే, అది లేకుండానే జనం చేత చదివించి చూపాలని ఈ పనికి దిగానని ఆయనే చెప్పుకున్నాడు. 2011లో చెన్నై నుండి ఆయన నవలలు కొన్ని ఇంగ్లీషులో వచ్చాయి గనుక ఉర్దూ రానివారికీ అందుతున్నాయి. పరుగులు, మారువేషాలు కొంచెం ఎక్కువే. అయినా ఇంట్లో ఆడపిల్లల ముందు సంకోచం లేకుండా పైకి చదవదగినవి. మన భాషలో వచ్చిన చౌకబారు నవలలెన్నిటికో ఈ మాట వర్తించదు.

ఇక ఇంగ్లీషు పుస్తకాలు. అగాథా క్రిస్టీ 1930లో వ్రాసిన ‘మర్డర్ ఎట్ ది వికారేజ్’ నాబోటివాడు తప్పక చదవవలసినది. కథ చెప్పేవాడే ఒక పల్లెటూరి సంఘ గురువు. ఊరందరినీ వేధించే పెద్దమనిషి ఒకడుంటాడు. అతన్ని ఎవరైనా చంపితే లోకానికి మేలే అని ఈ గురువుగారు భోజనం బల్ల దగ్గర నోరు జారుతాడు. ఆ తరువాత ఆ పెద్దమనిషి గురువుగారి చదువుల గదిలోనే, ఆయన రాతబల్ల మీద పడి చచ్చి ఉంటాడు! నాలుకను అదుపులో పెట్టుకొనుడని యాకోబు పత్రిక మీద నేను చేసే ప్రసంగాలకన్న ఈ ఒక్క సంఘటన బాగా పని చేస్తుందని నా అనుమానం. ఊరి గుసగుసలలో నిజమెంత, కల్పన ఎంత అని వేరుచేసే ముసలమ్మ మిస్ మార్పుల్ పూర్తి నవలలో కనిపించడం ఇదే మొదలు.

డొరొతి సేయర్స్ ఒక గురువుగారి కూతురు. ఆమె 1934 నవల ‘ది నైన్ టైలర్స్’లో గుడిగంటలే కథను నడుపుతాయి. వరద వచ్చినప్పుడు ఊరంతా గుడిలో తలదాచుకునే ఘట్టం మన కోస్తా పాఠకులకు కన్నీరు తెప్పిస్తుంది. గంటలు మోగించే పద్ధతిని గూర్చిన పేజీలు మాత్రం ఓపిక ఉన్నవారికే.

ఈ నెల నా మనస్సుకు అన్నిటికన్న హత్తుకొన్నది చెస్టర్‌టన్ కథల పుస్తకం, 1911లో వచ్చినది. అందులో పరిశోధకుడు ఫాదర్ బ్రౌన్ అనే పొట్టి, గుండ్రటి ముఖం గల కథోలిక గురువు. చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. ఒక కథలో క్రిస్మస్ మరునాడు దొంగ వజ్రాలు కాజేసి తోటలో చెట్టెక్కుతాడు. ఆ నేరం ఇంట్లో ఉన్న పేద యువకుని మీద పడబోతున్నది. ఫాదర్ బ్రౌన్ పోలీసులను కేకవేయడు. చెట్టు క్రింద నిలబడి పైనున్న దొంగతో మాట్లాడతాడు. నీవు ఇప్పుడు చిన్న దొంగవు, ఈ దారి దిగుతూనే పోతుంది గాని ఆగదు అని నచ్చచెప్తాడు. వజ్రాలు చెట్టు మీదనుండి రాలి పడతాయి. ఆ దొంగ తరువాత మారి అతనికి స్నేహితుడవుతాడు. ఇన్ని నేరాలు ఎలా కనిపెట్టావని అడిగితే, ఆ హంతకుడు నేనే అయివుంటే ఎలా ఆలోచిస్తానో నా హృదయంలో చూసుకొన్నాను అన్న భావంతో ఫాదర్ బ్రౌన్ జవాబిస్తాడు. అది 1927లో వచ్చిన సంపుటిలోనిది. ఈ జవాబు దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

చివరగా ఒక కష్టమైన మాట. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చి తెలుగుదేశాన్ని ఊపివేసిన నవల. చదివించే శక్తిలో దానికి సాటి తక్కువ. ఒక చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం జరిగిందన్నది ఇతివృత్తం. శాస్త్రం ఒక ప్రక్క, మంత్రం ఒక ప్రక్క నడుస్తాయి. రంగనాయకమ్మగారు దీనిమీద ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే వ్రాశారు. దేవుని నమ్మని రచయిత్రితో పాస్టరు ఏకీభవించడం వింతగా తోచవచ్చును. కాని ఈ విషయంలో నేను ఆమె ప్రక్కనే నిలబడతాను.

ఎందుకంటే మనం పల్లెలవారము. తెలంగాణలో బాణామతి అన్నా, గోదావరి ప్రాంతంలో చిల్లంగి అన్నా, ఆ మాట ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. ఒంటరి విధవరాలు, దిక్కులేని ముసలివాడు. బిడ్డకు జ్వరం తగ్గలేదనో, బర్రె చచ్చిందనో వారిని కట్టివేసి కొట్టినవారు, పళ్లు ఊడగొట్టినవారు, ప్రాణాలతో కాల్చినవారు ఉన్నారు. ఆ పనులు ఒక నవల చేయించిందని నేననను. ఆ నమ్మకం ఏ అక్షరం రానప్పటినుండీ ఉన్నదే. అయినా ఎండిన గడ్డి దగ్గర అగ్గిపుల్లతో ఆడడం తెలివైన పని కాదు.

మంచి డిటెక్టివ్ నవలకు, ఈ భయం కథకు తేడా ఇక్కడే ఉంది. డిటెక్టివ్ నవలలో అందరి మీదా అనుమానం వస్తుంది, కాని రుజువు లేనిదే ఎవరినీ దోషి అనరు. అందరూ వ్రేలు చూపినవాడు చివరికి నిర్దోషిగా బయటపడతాడు. మంత్రాల కథలో అనుమానమే రుజువు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఎవరినీ శిక్షింపరాదని మోషే ధర్మశాస్త్రం చెప్పినది ఇందుకే గదా!

నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ జ్ఞాపకం చేసుకోండి. రాజు కోపంతో మండిపడి దోషి చావవలసిందే అన్నాడు. ఆ దోషి తానేనని తరువాతి క్షణంలో తెలిసింది. ఇంతకన్న గొప్ప ముగింపు ఏ నేరపరిశోధన కథలో ఉంది?

కాబట్టి తల్లిదండ్రులకు నా సలహా ఇది. పొయ్యిలో పెట్టకండి. రాత్రి అన్నాలయ్యాక బిడ్డనే పైకి చదివి వినిపించమనండి. పైకి చదవలేని పుస్తకమైతే దాని సంగతి అక్కడే తేలిపోతుంది. చదవడం అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ఇందులో చచ్చినవాడు మనిషిగా కనిపించాడా, బొమ్మగా కనిపించాడా?

రెండు, దోషిని పట్టింది రుజువుతోనా, అనుమానంతోనా?

మూడు, పుస్తకం మూశాక మన చూపు పొరుగింటి గుమ్మం వైపు పోయిందా, మన గుండె వైపు తిరిగిందా?

ఈ మూడింటికీ నిలిచిన నవల మీ ఇంటి అరలో ‘యాత్రికుని ప్రయాణము’ ప్రక్కన ఉండవచ్చును. అది వ్రాసిన జాన్ బన్యన్‌కు కూడా, కల్పిత కథ అచ్చువేయవద్దని కొందరు స్నేహితులు సలహా ఇచ్చారు. ఆయన వినలేదు. 1678లో అచ్చువేశాడు. ఆ కల్పిత కథనే మనం నేటికీ మన పిల్లలకు చెప్పుకుంటున్నాము.