పెనంలో ఇమిడే చేప

అనువాదకుని పొరపాట్లు రెండు రకాలు. పాఠకులు వెంటనే పట్టుకొనేవి కొన్ని. అనువాదకునికే చాలాకాలం తెలియకుండా దాగి ఉండేవి మరికొన్ని. పదిహేనేళ్ల క్రితం ఒక అమెరికన్ వ్యాసాన్ని తెనిగిస్తూ, ‘ఫ్లై ఫిషింగ్’ అన్న మాటను ‘ఎగిరే చేపల వేట’ అని రాశాను. ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రుణ్ణన్న ధీమాతో నిఘంటువైనా తిరగేయలేదు. వ్యాసం అచ్చయింది. ఎవరూ ఆక్షేపించలేదు.

ఆ తప్పు గత మే నెల చివర, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చిన్న సరస్సు ఒడ్డున బయటపడింది. అక్కడ స్థిరపడిన మా తమ్ముడు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెరిచి చూపాడు. లోపల చిన్నచిన్న కొక్కేలు. వాటికి ఈకలు, వెంట్రుకలు, రంగుదారాలు చుట్టి ఉన్నాయి. “ఇవే ఈగలు, అన్నయ్యా!” అన్నాడు. ఎగిరేది చేప కాదు, ఈగ అన్నమాట! అదీ మనిషి కట్టిన బొమ్మ ఈగ.

మన చెరువుగట్లపై గాలానికి వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా ఓపికగా కూర్చుంటారు. ఇక్కడి పద్ధతి వేరు. బొమ్మ ఈగకు బరువు ఉండదు గనుక దానిని దూరంగా విసరడం సాధ్యం కాదు. అందుచేత బరువునంతా దారంలోనే ఉంచారు. బెత్తును వెనక్కూ ముందుకూ ఊపితే, బరువైన ఆ దారం గాలిలో సాగి, తన కొసనున్న ఈగను నిజమైన పురుగు వాలినంత మెత్తగా నీటిపై దించుతుంది.

ఆ సరస్సులో ఈ విధంగా పట్టేవి ‘పాన్‌ఫిష్’. అది ఒక జాతి పేరు కాదు. వంటింటి పెనంలో ఇమిడేంత చిన్నచేపలన్నిటికీ ఉమ్మడి పేరు. వాటిలో ముఖ్యమైనది బ్లూగిల్, అంటే నీలిమొప్ప. 1986లో ఇల్లినాయ్ దానిని తన రాష్ట్ర మత్స్యంగా స్వీకరించింది. వసంతంలో నీరు ఇంచుమించు ఇరవై డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కగానే, మగచేపలు ఒడ్డు సమీపానికి వచ్చి, తోకలతో అడుగును ఊడ్చి, పళ్లెాల వంటి గుంటలు చేస్తాయి. ఒకదాని పక్కన ఒకటిగా అక్కడొక చిన్న పేటే వెలుస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా బాధ్యత తండ్రిదే. అది గుడ్లకు రెక్కలతో నీరు విసురుతూ, దరిచేరిన ప్రతి జీవినీ తరుముతూ, దాదాపు ఆహారం లేకుండానే రోజులు గడుపుతుంది.

తమ్ముడు విసిరిన రెండవ ఈగనే ఒక పెద్ద చేప పట్టింది. దాని రొమ్ము రాగిరంగులో మెరుస్తున్నది. “పెనానికి సరిగ్గా సరిపోతుంది” అన్నాను ఉత్సాహంగా. అతడు నీటివైపు చూపించాడు. ఆ తేటనీటిలో కాపలాలేని గుంటపై అప్పుడే చిన్నచేపలు మూగి, గుడ్లు మేస్తున్నాయి.

“ఇది ఇంటిపెద్ద, అన్నయ్యా” అంటూ, తడిచేతితోనే కొక్కెం విడదీసి దానిని నీటిలో వదిలాడు. అది తన గుంటకేసి దూసుకుపోయింది. ఆ తరువాత అతడు గూళ్లవైపు ఈగను విసరలేదు. లోతునీటికి మరలి, మధ్యరకం చేపలు మూడు మాత్రం పట్టాడు. ఆ రాత్రి భోజనానికి అవి చాలాయి.

గూళ్ల వద్ద పెద్ద మగచేపలను పట్టడం చాలా తేలిక. ఆకలి లేకపోయినా, కాపలా కోపంతోనే అవి ఈగను కరుస్తాయి. నష్టం అక్కడే ఉన్నది. పెద్దవి తరిగిపోతే, చిన్న మగచేపలు ఎదగక ముందే సంతానోత్పత్తికి దిగుతాయి. పెరుగుదలకు చెందవలసిన శక్తి అందుకు ఖర్చవుతుంది. క్రమంగా సరస్సు నిండా గిడసబారిన చేపలే మిగులుతాయి. పెనంలోకి పనికివచ్చే చేప ఒక్కటీ దొరకదు.

ఇది మనకు తెలియని ధర్మమేమీ కాదు. మన కొర్రమీను కూడా పిల్లలను వెంటబెట్టుకొని కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై తేలిందంటే, తల్లిదండ్రులు కిందనే ఉన్నాయని చెరువు ఎరిగినవారికి తెలుసు. అక్కడ గాలం వేయడమా, మానడమా అన్నది వారి విజ్ఞతకే వదిలిన విషయం.

నా పాత అనువాదాన్ని ‘బొమ్మ ఈగతో చేపలవేట’ అని ఈ శీర్షికలో నేడు సవరించుకుంటున్నాను. పాఠకులు మన్నింతురు గాక.