ఊరు దాటిన జన్మదిన భోజనము

కోస్గిలో ఉదయపు బస్సెక్కి, పరిగి మీదుగా మన్నెగూడ చేరి, అచ్చటినుండి చేవెళ్ల దారిలో ఇరువైపులనుండి కొమ్మలు కలుపుకొని నిలిచిన మర్రిచెట్ల నీడలో హైదరాబాదునకు పోవువారిలో, ఆసుపత్రికి పోవువారును, కోర్టుకు పోవువారును, కూలికి పోవువారును మాత్రమే యుండెడి కాలము గడచినది; ఇప్పుడు కొత్తబట్టలు కట్టుకొని, ఒడిలో కేకుపెట్టె నుంచుకొని, ఇంటిలో నొకరి పుట్టినరోజును పట్టణములోని గొప్ప రెస్టారెంటులో జరుపవలెనని బయలుదేరిన కుటుంబములును కనబడుచున్నవి. ఈ మార్పును నేను సంతోషముతోనే చూచుచున్నాను. కరవునకును వలసకును పేరుమోసిన పాలమూరు సీమలో, తలిదండ్రులను ఒక్క పూటయైనను మంచి బల్లయొద్ద కూర్చుండబెట్టి వడ్డింపించవలెనను కోరిక పిల్లలకు కలుగుట చిన్న సంగతి కాదు. అయితే ఆ భోజనశాలను ఎంచుకొను తీరునందు మనము పొరబడుచున్నాము. నేనును పొరబడితిని.

మా నాయన పుట్టిన తేదీ ఎవరికిని తెలియదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని యున్నది. మా వాడకట్టులో ఆయన యీడువారిలో అనేకులకు అదియే తేదీ. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన యేడు, జొన్నకోతల దినములలో పుట్టినాడని మా నాయనమ్మ చెప్పెడిది; అంతకుమించి లెక్క లేదు. మా ఉమ్మడి పాలమూరు జిల్లాకు 1890లో తన పేరునిచ్చిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను జన్మదినమునకో, లెక్క యుండుటయే కాదు, రాతికట్టడమే కలదు: ఆయన నలువదవ పుట్టినరోజునకు స్మారకముగా 1905లో పునాది వేసి, ఆయన గతించిన రెండేండ్లకు, 1913లో, ముగించిన పురమందిరమే మన శాసనసభ పాత భవనము. ఆ ప్రభువు ఏలుబడిలో నాగలి పట్టినవారి పుట్టినరోజులు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. అందువలననే, తేదీ యెరుగని మనిషికి డెబ్బదియైదేండ్లు నిండినవని పిల్లలందరు కూడి ఒకనాటిని ఆయనదిగా చేసి యిచ్చుట నాకు మిక్కిలి విలువగల పనిగా తోచుచున్నది. అట్టి దినమున ఆయనను ఎచ్చటికి తీసికొనిపోదుమన్నది తేలికగా తీసికొనదగిన ప్రశ్న కాదు.

నేను తేలికగానే తీసికొంటిని. సెల్‌ఫోనులో ఏ రెస్టారెంటునకు ఎక్కువ చుక్కలున్నవో చూచి, పళ్లెములో పూవులవలె అమర్చిన వంటకముల ఫొటోలకు మురిసి, హైదరాబాదులో నొకచోట రాత్రి తొమ్మిది గంటలకు టేబులు రిజర్వు చేయించితిని. లోపల దీపములు మసకగా నుండెను. పాట గట్టిగా నుండెను. ఒక చెవి సరిగా వినబడని మా నాయన, మనుమరాలు చెప్పు మాటలను ఆమె పెదవులు చూచి గ్రహింప యత్నించుచుండెను. మెనూకార్డు ఇచ్చిరి. ప్రతిదినము వార్తాపత్రికను సంపాదకీయముతో కూడ చదువు మనిషి ఆ కార్డును ముందునకు వెనుకకు త్రిప్పి, అందులో ఒక్క తెలుగక్షరమైనను లేనందున, మారుమాటాడక నాకు తిరిగి యిచ్చెను. వంటకములు ఒకటి తరువాత ఒకటిగా, అరగంట కొకటిగా వచ్చెను. వానిలో జొన్నరొట్టెయు నుండెను: పది రూపాయల బిళ్లకంటె కొంచెము పెద్దవి మూడు, వానిపై ఏదో ఆకుపచ్చని చుక్క. ఆయన ఒకదానిని నోట వేసికొని, "రుచి సూపిచ్చిండ్రా కొడుకా? అసలుది ఎన్క వస్తదా?" అని నెమ్మదిగా అడిగెను. నాకు మాట పెగలలేదు. ముప్పదియేండ్లు తాండూరు బండలు పరచిన మేస్త్రీ ఆయన. పిమ్మట భోజనము ముగియువరకు ఆయన పళ్లెమువైపు చూచుట మానివేసి, బల్లక్రింద చెప్పు విడిచి, బొటనవ్రేలితో నేలబండల అతుకును తడవుచు, అది ఎట్లు కూర్చినారో పరీక్షించుచు కూర్చుండెను.

ఆ వంటవారియందు దోషము లేదు. వారి విద్య వారు చూపిరి. దానిని మెచ్చువారు ప్రక్క బల్లలయొద్ద నుండిరి కూడ. దోషమంతయు ఎంపికలో నున్నది. చుక్కల సంగతియే చూతము. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ అను టైర్ల కంపెనీ 1900లో మోటారుబండ్లవారికై ఒక మార్గదర్శిని వెలువరించి, 1926 మొదలు భోజనశాలలకు నక్షత్రము లిచ్చుట ఆరంభించినది. ఒక నక్షత్రమునకు తన తరగతిలో మంచిదనియు, రెండింటికి దారి మరలి పోదగినదనియు, మూడింటికి దానికొరకే ప్రయాణము చేయదగినదనియు వారి భావము. అనగా ఆ లెక్కలో గౌరవము పొందునది వంట. పుట్టినరోజునాడు గౌరవము పొందవలసినది మనిషి. వంటకై మనిషి కదలుట ఒకటి. ఊరు దాటివచ్చిన మనిషికై వంట కదలుట మరియొకటి. ఈ రెంటిని మనము కలిపివేసికొనుచున్నాము.

మన పూర్వులకు ఈ వివేకము లేకపోలేదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు కట్టించు క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నగరమంతయు తిరుగుచుందురు; అందు ఒక రూకకు భోజనము పెట్టు పూటకూటియింటి ప్రస్తావన గలదు. ఆ కావ్యమువంటివానిని సాక్ష్యముగా గైకొని, మన పాలమూరివాడే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆనాటివారి తిండితీరులను వివరించిరి. ఆ పూటకూటియింటిని గూర్చి చెప్పునప్పుడు కవి గోడలను పొగడలేదు, దీపములను పొగడలేదు. మేలైన బియ్యపన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు అని ఆకులో పడునవి చెప్పి యూరకుండెను. రూక యిచ్చువానికి ఏమి దొరకునో ముందుగానే తెలియును. వేల రూపాయలిచ్చు మనకు, బల్లయొద్ద కూర్చుండువరకు తెలియుట లేదు.

వైభవమే వలదని నేను వాదించుట లేదు. 1884లో వికారుల్ ఉమరా కట్టింప మొదలిడి, పిదప అదే ఆరవ నిజాము వశమైన ఫలక్‌నుమా సౌధము 2010 నుండి హోటలుగా నడచుచున్నది. నూటొక్కమంది కూర్చుండదగిన భోజనపు బల్ల అందు గలదు. మా బంధువులలో చరిత్ర బోధించి రిటైరయిన పెద్దమ్మ యొకతె యున్నది. ఆమెకు ఆ కొండమీది సౌధమున ఒక పూట విందు చేయించినచో, వంటకములకంటె మెట్లను, అద్దములను, ఆ బల్లను చూచి ఆమె పది సంవత్సరములు చెప్పుకొనును. అది ఆమెకు తగిన యెంపిక. మా నాయనకు కాదు.

కనుక రెండు దినముల ముందే ఫోను చేసి అడుగుటకు మొగమాటపడవలదు. మెట్లెన్ని, కుర్చీకి వెనుక ఆనుకొనుటకు వీలున్నదా, పాట తగ్గింతురా, ఏడు గంటలకే వడ్డింతురా, పండ్లు లేనివారికి మెత్తగా నేమి చేయుదురు అని అడిగినప్పుడు, అవతలివారి గొంతులో విసుగు ధ్వనించినచో ఆ స్థలమును అప్పుడే విడువవచ్చును. బిల్లులో సర్వీసు ఛార్జి బలవంతముగా కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకముల నిచ్చెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించెను. ఈ సంగతియు తెలిసియుండుట మంచిది. సంతోషించి ఇచ్చునది వేరు.

భోజనశాలల యజమానులకును ఒక మాట. తెలుగునేలపై వ్యాపారము చేయుచు, మెనూకార్డును తెలుగులో అచ్చువేయకుండుట అన్యాయము. ఒక అదనపు కాగితముతో తీరు పని యిది. అది లేనందువలన, జీవితమంతయు కష్టించి తన పిల్లల సొమ్ముతో తినవచ్చిన పెద్దమనిషి, తనకేమి కావలెనో తానే చెప్పుకొనలేక పసివానివలె కూర్చుండవలసి వచ్చుచున్నది. మరియు జొన్నను అలంకారముగా వాడుట మానుడు. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు ఈసడించెనని చాటువులు చెప్పుకొందుము గాని, ఆ జొన్నలే మా సీమను బ్రతికించినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటకు ఎన్నో తరముల పూర్వమే మా యిండ్లలో రొట్టెలు చఱచు చప్పుడుతో తెల్లవారెడిది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మాకు పొరుగుపంట. వేడి జొన్నరొట్టె, చిక్కని కందిపప్పు, వెల్లుల్లి కారము, పెరుగు: ఇది పెద్ద హోటలు బల్లపై పూర్తి ప్రమాణములో, పూర్తి మర్యాదతో రాదగిన భోజనము.

ఈ జనవరి 1న ఉదయము, మా యమ్మ ఆచారము తప్పక పాలలో బెల్లమును నువ్వులును కలిపి, మార్కండేయుని తలచుకొమ్మని ఆయనచేత త్రాగించినది. సాయంకాలము మరల హైదరాబాదులోనే, ముందుగా మాటాడి కుదుర్చుకొన్న మరియొక చోటికి పోయితిమి. ఖరీదైన స్థలమే. కిటికీప్రక్క వెలుతురున్న బల్ల నిచ్చిరి. తెలుగు కార్డు అచ్చటను లేదు గాని, వడ్డించు కుర్రవాడు వంగి ఆయన మంచి చెవివైపు నిలిచి, "తాతా, ఇది గిట్ల చేస్తం, కారం ఎక్కువుంటది" అని ఒక్కొక్కటిగా చదివి వినిపించెను. నాయన అడ్డముగా తల యూపి రెండింటిని త్రోసివేసి, మూడవదానిని తానే కోరెను. రొట్టెలు ఒక్కొక్కటిగా, పొంగు దిగకముందే వచ్చుచుండెను. చెంచాను ప్రక్కకు జరిపి, చేతితో విఱిచి, పప్పులో అద్దుకొని తినుచు, నాగార్జునసాగరు పనికి తన తండ్రి నడచిపోయిన కథను మనుమరాలికి చెప్ప మొదలిడెను. ఆ నేలపై పరచినవి మా తాండూరు బండలే; ఆయన ఒక్కసారియైనను క్రిందికి చూడలేదు.