ఇంజిన్ ఒకటే, బండి వేరు: చిప్‌సెట్ పేరు చూసి ఫోన్ కొనమని నేనే చెప్పా, తప్పు చేశా

మా ఫ్రెండ్ ఒకడు అశోక్ నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. పోయినేడు "ఇరవై వేలలో ఏ ఫోన్ తీసుకోమంటావురా?" అని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేశా. నా ఫోన్‌లో ఉన్న చిప్‌సెట్టే, రేటేమో ఎనిమిది వేలు తక్కువ. ఇంకేం ఆలోచించాలి?

మొన్న మే నెలలో వాడి రూమ్‌కి వెళ్లా. నలుగురికి ఒకటే ఫ్యాన్. అరగంట క్లాస్ వీడియో చూసేసరికి ఫోన్ పెనంలా కాలుతోంది, బ్రైట్‌నెస్ దానంతటదే పడిపోతోంది, వీడియో ఆగి ఆగి వస్తోంది. వాడు నన్నేమీ అనలేదు. ఫోన్‌ని స్టీల్ కంచం మీద పెట్టుకుని చూస్తున్నాడు, అంతే.

నారాయణగూడలో తెలిసిన రిపేర్ షాపులో వెనక ప్యానెల్ తీయించి చూశాం. నా ఫోన్‌లో ఉన్న వేపర్ చాంబర్ దీంట్లో లేదు, చిన్న గ్రాఫైట్ షీట్ ఒకటి అంటించారు. స్టోరేజ్ యూఎఫ్ఎస్ 2.2, నాది 3.1. చిప్ మాత్రం ఒకటే.

ఇదే కథ ఓ కారులో ఉంది. చిక్కడపల్లి మా గల్లీలో కవర్ కప్పి ఉండే పాత ప్రీమియర్ పద్మినిని చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. పద్మిని అంటే బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100. నాలుగు సిలిండర్లు, 68 మి.మీ. బోర్, 75 మి.మీ. స్ట్రోక్, మొత్తం 1089 సీసీ. ఇప్పుడు 1947లో ఇటలీలో వచ్చిన సిసిటాలియా 202 స్పెక్స్ చూడండి. అదీ ఫియట్ 1100 ఇంజినే. అదే బోర్, అదే స్ట్రోక్, అదే 1089 సీసీ!

కానీ ఆ సిసిటాలియా కూపేకి బాడీ చేసింది పినిన్ ఫరీనా. అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి, చేత్తో వంచి చేసిన బాడీ. లోపల సన్నటి స్టీల్ ట్యూబుల ఫ్రేమ్. మొత్తం బరువు దాదాపు 780 కిలోలు, పద్మిని దాదాపు 900. సిసిటాలియా గంటకు 160 కిలోమీటర్ల దాకా వెళ్లేది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1951లో ఎనిమిది కార్లతో ఎగ్జిబిషన్ పెడితే అందులో ఇదొకటి. తర్వాత ఆ మ్యూజియం శాశ్వత కలెక్షన్‌లోకీ చేరింది. తయారైనవి దాదాపు 170 మాత్రమే. 1947 మిల్లె మిలియా రేసులో, 54 ఏళ్ల వయసులో, నువొలారి ఓపెన్ టాప్ 202 నడిపి రెండో స్థానంలో వచ్చాడు. ఫస్ట్ వచ్చిన ఆల్ఫా రోమియో ఇంజిన్ దీనికి రెండున్నర రెట్ల పైనే.

"ఇంజిన్ ట్యూన్ చేశారు కదా, ఒకటే ఎలా అవుతుంది?" అంటారు. కరెక్టే, పవర్ పెంచారు. ఫోన్ కంపెనీలు చేసేదీ అదే కదా. ఒకే చిప్‌కి ఎంత పవర్ ఇవ్వాలి, ఎంత వేడికి స్పీడ్ తగ్గించాలి అనేది ఎవరికి వాళ్లే సెట్ చేసుకుంటారు. బాక్స్ మీద మాత్రం చిప్ పేరొక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది.

పద్మినిని తక్కువ చేయట్లేదు. దశాబ్దాల పాటు ఇంటిల్లిపాదినీ మోసిన బండి అది. అలాగని దాని ఇంజిన్ చూసి రేసుకి పంపితే తప్పెవరిది? మా రివ్యూలు చేస్తున్నది సరిగ్గా అదే. ఏసీ గదిలో కూర్చుని బెంచ్‌మార్క్ ఒక్కసారి రన్ చేసి, వచ్చిన నంబర్‌తో పర్ఫార్మెన్స్ మార్కులు వేసేస్తాం. నేనూ వేశా.

ఇకమీద నా రివ్యూల్లో ఏసీ ఆపేసి, గంటసేపు వీడియో నడిపాకే బెంచ్‌మార్క్. ఆ రెండో నంబర్‌కే మార్కులు. స్కోర్లు తగ్గుతాయి, కామెంట్లలో తిట్లు పడతాయి, పడనివ్వండి.

ఎగ్జామ్ అయ్యేదాకా నా ఫోన్ వాడికిచ్చేశా. వాడిది నా దగ్గరుంది. మొదటి టెస్ట్ దాని మీదే.