చావును తెరకెక్కించు హక్కు ఎవ్వరిది?

సూరత్ నగరమునకు చేరువనున్న కడోదరా పారిశ్రామికవాడలో 2021 అక్టోబరు 18వ తేదీ తెల్లవారుజామున ఒక ప్యాకేజింగ్ కర్మాగారము అంటుకొన్నప్పుడు, పొగ కమ్మిన ఆ బహుళాంతస్తుల కట్టడమునుండి నూరుమందికి పైగా కార్మికులను అగ్నిమాపకదళమువారు క్రేనులతో దింపి కాపాడిరి, ఇద్దరు మరణించిరి. ఆ దృశ్యములు నాడే దేశమంతట టీవీలలో కనబడెను. కడోదరా మిల్లులలో పనిచేయువారు పెక్కురు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతమున మగ్గములు నడుపుకొనుచు స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబముల చుట్టపక్కములు నేటికిని కరీంనగరము, వరంగల్లు జిల్లాలలో కలరు. ఇట్టి చోట ప్రమాదము జరిగినప్పుడు కార్మికుని తల్లి వేయి కిలోమీటర్ల దూరమున టీవీ ముందు కూర్చుండి యుండును. ఫోను మ్రోగకమునుపే, పక్కింటివారు వచ్చి చేయి పట్టుకొనకమునుపే, జారిపడుచున్న వాని చొక్కా రంగునుబట్టి ఆమె తన కొడుకును తెరమీద పోల్చుకొనవలసి వచ్చుట ఎంతటి దారుణమో వార్తాసంపాదకులు ఒక్క క్షణమైన తలపోయవలదా?

ఈ ప్రశ్న సూరత్‌కు అంతకు రెండేండ్ల ముందే ఎదురైనది. 2019 మే 24న సర్థానా ప్రాంతమునందలి తక్షశిలా ఆర్కేడ్ అను వాణిజ్యభవనములో మంటలు లేచి, పై అంతస్తున ట్యూషను తరగతికి వచ్చిన విద్యార్థులు చిక్కుకొనిపోయిరి. ప్రాణభీతిచే పలువురు క్రిందికి దూకిరి. 22 మంది అసువులు బాసిరి. వీధిలో నిలిచినవారు సెల్‌ఫోన్లలో తీసిన చిత్రములు గంటల వ్యవధిలో వార్తాఛానళ్ల కెక్కినవి. ఒక యువకుడు గోడవెంబడి పైకెక్కి పిల్లలను ఒక్కొక్కరిగా దింపుటయు వానిలో కలదు. ఆతని సాహసమును చూపవలసినదే, పదిమార్లు చూపినను తప్పులేదు. కాని పట్టుతప్పి పడిపోవుచున్న బాలిక చుట్టును ఎఱ్ఱని వలయము గీచి, వేగము తగ్గించి, వెనుక విషాదవాద్యమును కూర్చి, ప్రకటనల విరామమునకు ముందొకసారి, తరువాత నొకసారి అదే తునకను త్రిప్పి త్రిప్పి చూపుట మన ఛానళ్లలో ఇట్టి దుర్ఘటన యెప్పుడు జరిగినను కనబడు రివాజు; దీనికి వార్తాధర్మమున నెచ్చటను చోటు లేదని నా దృఢాభిప్రాయము. ఆ బిడ్డ పడిపోయినదని మాటలలో చెప్పినచో తెలియని దేది, చూపినచో మనకు తెలియుచున్నది?

చూపినగాని ప్రభుత్వము కదలదు, ప్రజలు మేలుకొనరు అనువారు కలరు. వారి వాదమును నేను తేలికగా త్రోసివేయను. తక్షశిలా దృశ్యములను చూడనివారు గుజరాతులో లేరన్నను అతిశయోక్తి గాదు. అయినను రెండేండ్లకే కడోదరాలో కార్మికులు కిటికీలవద్ద నిలిచి క్రేనులకై ఎదురుచూడవలసి వచ్చెను. సరిగా అయిదేండ్ల మీద ఒక్కనాటికి, 2024 మే 25న, రాజకోటలోని క్రీడావినోదశాల తగులబడి పసిపిల్లలతోసహా పాతికమందికి పైగా ఆహుతియైరి. కన్నీరు పెట్టించుటకు ఆ చిత్రములు చాలినవి గాని, మెట్లదారిని వెడల్పు చేయించుటకు చాలలేదు. కెమెరా చూపవలసినది ఆ మెట్లదారిని. సకాలమున అందని నిచ్చెనను. అనుమతిపత్రముపై సంతకము చేసిన కార్యాలయమును. ఆపైన ఏండ్లతరబడి సాగు న్యాయవిచారణను. ఇవి చూపుటకు విలేఖరి నెలలకొలది తిరుగవలెను. పడిపోవు మనిషిని చూపుటకో, ఎవ్వరో పంపిన వీడియో చాలును.

ఇంతకంటె జటిలమైన ఉదాహరణము మన యింటనే యున్నది. 2009 నవంబరు 29న హైదరాబాదు ఎల్.బి.నగరు కూడలిలో తెలంగాణ ఉద్యమకారుడు శ్రీకాంతాచారి తన దేహమునకు నిప్పంటించుకొన్న దృశ్యమును ఛానళ్లు పదేపదే ప్రసారము చేసినవి. డిసెంబరు 3న ఆతడు కన్నుమూసెను. తన వేదనను లోకము చూడవలెనని ఆతడే కోరియుండెను గదా యని అందురు. తెలంగాణ ఉద్యమచరిత్రలో ఆతని పేరు చెరగనిది. ఆ త్యాగమునకు శిరసు వంచుచున్నాను. కాని తరువాతి నెలలలో ఎందరు యువకులు ప్రాణములు తీసికొనిరో మనమెరుగుదుము. ఆత్మహత్యావార్తలను పదేపదే ప్రచురింపరాదని, విధానమును వివరింపరాదని భారత ప్రెస్ కౌన్సిలు 2019లో పత్రికలకు సూచించినది. మంటలలోని మనిషిని నిర్విరామముగా చూపుట ఆ సూచన వారించు పనియే కాదా?

అట్లని మరణము తెరమీద ఎన్నడును కనబడరాదని నేననను. నయముకాని నాడీరోగముతో బాధపడిన క్రెయిగ్ ఎవర్ట్ అను విశ్రాంతాచార్యుడు స్విట్జర్లాండులో తన అంతిమక్షణములను చిత్రించుటకు భార్యాసమేతుడై సమ్మతించెను. 2008 డిసెంబరులో బ్రిటిషు ఛానలొకటి ఆ చిత్రమును ప్రసారము చేసినప్పుడు పెద్ద వివాదము చెలరేగెను. ఆ ప్రసారము మంచిదా చెడ్డదా అని వాదించుకొనవచ్చును. కాని ఆతని అనుమతి యున్నది, కుటుంబమునకు ముందుగా తెలిసియున్నది, చూచువానికి హెచ్చరికయు నున్నది. సర్థానా పిల్లల విషయమున ఈ మూటిలో ఏ యొక్కటియు లేదు.

కేంద్ర సమాచార ప్రసారశాఖ 2023 జనవరి 9న ఛానళ్లకు సలహాపత్రము పంపుచు, రక్తసిక్త దేహములను దగ్గరగా చూపుటను, సామాజిక మాధ్యమములనుండి తెచ్చిన వీడియోలను ఏ సవరణయు లేక వేయుటను తప్పుపట్టినది. సలహా మంచిదే, కాని రేటింగు పట్టికలు వచ్చు దినమున సలహాపత్రములు ఎవ్వరికి గుర్తుండును? కావున తెలుగు ఛానళ్ల సంపాదకులకు నా విన్నపము: మృతుని కుటుంబమునకు కబురు అందినదని తెలియువరకు అతని చివరిక్షణములను తెరమీదికి రానీయకుడు, అందిన పిమ్మటనైనను వారి సమ్మతి లేక వేయకుడు, ప్రజాహితమునకై చూపక తప్పని దృశ్యమైనచో ముఖము మరుగుపరచి ఒక్కమారు చూపి, ఆపైన ఆపివేయుడు. ఈ నియమమును వ్రాసి, రాత్రిపాళీలో ఒంటరిగా కూర్చుండు కుఱ్ఱ సబ్‌ఎడిటరు కంటబడునట్లు డెస్కు గోడకు నేడే అంటింపుడు.