కారుకి లక్షన్నర, సైకిలుకి సున్నా

దేవుడి మహిమ అంటే రుజువు చూపించమంటాం. జ్యోతిష్యుడు అంకెలు చెబితే ఎక్కడివని నిలదీస్తాం. కానీ ఏ వస్తువుకైనా ముందు "ఎలక్ట్రిక్" అని తగిలిస్తే చాలు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా ప్రశ్నలు మానేస్తారు. ప్రజల డబ్బు పంచేటప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. అది ఎవరికి చేరుతోంది? దానివల్ల ఎవరి ప్రయాణం మారుతోంది?

ఢిల్లీ లెక్కే చూద్దాం. 2020 ఆగస్టులో వచ్చిన ఎలక్ట్రిక్ వాహనాల విధానంలో మొదటి వెయ్యి కార్లకి ఒక్కోదానికి లక్షన్నర దాకా సబ్సిడీ. స్కూటర్లకి 30,000 దాకా. ఎలక్ట్రిక్ సైకిలు 2022లో గానీ గుర్తుకు రాలేదు. మొదటి పదివేల మందికి ధరలో 25 శాతం, అదీ 5,500 మించకుండా. మామూలు తొక్కుడు సైకిలుకి సున్నా.

పన్ను సంగతి ఇంకా విచిత్రం. 2019 ఆగస్టు 1 నుంచి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం, మామూలు సైకిలు మీద 12 శాతం. 2025 సెప్టెంబరు 22న సైకిలుకీ 5 శాతం చేసేదాకా, అంటే ఆరేళ్ళకు పైగా, ఇదే వరస. పెట్రోలూ కరెంటూ రెండూ అక్కర్లేని బండికి రెట్టింపు మించిన పన్ను! ఇది ఏ శాస్త్రం?

నేనుండే ఓల్డ్ రాజిందర్ నగర్ సివిల్స్ కోచింగుల పేట. మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ గదుల్లో ఉంటారు. గది, క్లాసు, లైబ్రరీ, మెస్ అన్నీ దగ్గర్లోనే. ఝండేవాలాన్ సైకిళ్ళ బజారు కూడా ఎంతో దూరం కాదు. ఎలక్ట్రిక్ సైకిలైతే చాలావాటికి బ్యాటరీ ఊడదీసి గదిలో మామూలు ప్లగ్గుకి పెట్టుకోవచ్చు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? కానీ 2022 సబ్సిడీ ఢిల్లీ నివాసులకే అన్నారు. ఆధార్‌లో గుంటూరో వరంగల్లో ఉన్న కుర్రాడు లెక్కలోకి రాడు.

సైకిలు కొన్నా, తొక్కడానికి దారేది? 2024 జూలై 27న ఈ పేటలోనే వాననీరు ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మా వీధులు అలాంటివి. నగరంలో ప్రయత్నమే జరగలేదా అంటే, జరిగింది. 2008లో అంబేద్కర్ నగర్ - మూల్‌చంద్ బీఆర్‌టీ రోడ్డు మీద సైకిళ్ళకి విడిగా దారి వేశారు. కార్లవాళ్ళ గోల ఎక్కువై 2016లో ఆ బీఆర్‌టీనే తీసేశారు.

అలాగని సబ్సిడీలన్నీ దండగ అనను. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాష్ దాన్ని అధ్యయనం చేస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేలింది. అవి మామూలు సైకిళ్ళే. స్వీడన్ 2018లో ఎలక్ట్రిక్ సైకిళ్ళకి సబ్సిడీ ఇచ్చింది. అమ్మకాలు బాగా పెరిగాయి గానీ, తగ్గిన కాలుష్యం ఒక్కటే చూస్తే ఖర్చు గిట్టడం కష్టమని ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. వేరే దారి లేనివారికి ఇచ్చిన రూపాయి జీవితాన్ని మార్చింది. అన్నీ ఉన్నవారికి ఇచ్చింది అంత మార్చలేదు.

"సైకిలు తొక్కేవాడు ఎలాగూ తొక్కుతాడు, వాడికి డబ్బెందుకు?" అని ఒక వాదన. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అతను కొనేది మోటారు సైకిలే. అతన్ని సైకిలు మీదే నిలబెట్టుకోవడం కూడా పర్యావరణ సేవే కదా!

కాబట్టి ముందు కాలవలు, సైకిలు దారి, సైకిలు పెట్టుకునే చోటు. తర్వాత మామూలు సైకిలుకీ ఎలక్ట్రిక్ సైకిలుకీ సాయం, ఆధార్ అడ్రసుతో పని లేకుండా. ఆ మీదట డబ్బు మిగిలితే కార్ల సంగతి చూడొచ్చు. పచ్చ నంబరు ప్లేటు కనబడగానే దండం పెట్టడం హేతువాదం కాదు. మీరేమంటారు?