ఏ ఊరి రాయి?

ఏటేట వానలు వెనుకపట్టి ప్రాణహిత ఒడ్డులు బయటపడిన పిమ్మట మన పాఠశాలకు రాళ్లు వచ్చుట మొదలగును. పిల్లలు వానిని పుస్తకముల సంచిలో తెత్తురు, లాగు జేబులలో తెత్తురు. ఒకమారు ఇద్దరు బాలురు కఱ్ఱకు త్రాటితో కట్టి భుజములపై మోసికొని వచ్చిరి. తెచ్చిన వారందరును అడుగు ప్రశ్న ఒక్కటే: "సార్, ఇది డైనోసారుదేనా?" అవునన్నచో ఆ ముఖములు వెలుగును, కాదన్నచో వాడిపోవును. మేమును చాలకాలము ఆ ప్రశ్నకే జవాబు వెదకుచు వచ్చితిమి. ఇప్పుడు మా అభిప్రాయము మారినది. శిలాజమును గుర్తించుటలో మొదట అడుగవలసినది "ఇది ఎక్కడ దొరికినది?" అను ప్రశ్న. దానికి జవాబు చెప్పగలవాడు రాయి తెచ్చిన బాలుడే గాని, ఏ పండితుడును కాడు.

ఈ మాట మేము తప్పు చేసి నేర్చుకొన్నదే. మా బీరువాలో చిరకాలముగా పడియున్న రాళ్లను ఒకనాడు భూగర్భశాస్త్రము తెలిసిన ఒక అతిథికి చూపితిమి. అందొకటి సున్నపురాతి పలక. దానిపై నల్లగా నిగనిగలాడు చిన్న చిన్న బిళ్లలు కలవు. ఆయన దానిని కిటికీ కడకు తీసికొనిపోయి, అటునిటు త్రిప్పి, అవి చేపపొలుసులేనని చెప్పి, "ఏ ఊరిది?" అని అడిగిరి. మాలో ఒకరు కోట అనిరి. మరియొకరు కాదు, ఏటి కావలి ఒడ్డుదనిరి. మూడవవారు పెరిగిపోయిన ఒక విద్యార్థి పేరు చెప్పి, వాని మేనమామ ఊరినుండి తెచ్చెనేమో యనిరి. ఆయన ఏమియు అనక పలకను ఉన్నచోట ఉంచిరి. మరల దానివైపు చూడలేదు. మా చేతిలో నున్నది నిజమైన శిలాజమే. అయినను శాస్త్రమునకు అక్కరకు రానిదైపోయినది.

సిరొంచవారికి ఈ విద్య పరాయిది కాదు. ప్రాణహిత ఎడమ ఒడ్డున నున్న కోట గ్రామపు సున్నపురాళ్లలో దొరికిన చేపలను గూర్చి 1851లోనే లండనులోని భూగర్భశాస్త్ర పత్రికలో వ్యాసము వెలువడినది. కర్నల్ సైక్స్ ఆ వ్యాసమును సమర్పింపగా, చేపలను వర్ణించినవాడు సర్ ఫిలిప్ ఎగర్టన్. మరుసటి యేడు డాక్టర్ బెల్ కోట పరిసరముల భూగర్భమును గూర్చి వ్రాసెను. ఆ కాలమున నాగపురమున స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకు డుండెను. 1845లో నాగపురము చేరిన యాతడు బడి నడుపుచు, మతము బోధించుచు, తీరిన వేళల గుట్టలు త్రిప్పుకొని శిలాజములు సేకరించినవాడు. ఆతడును ఆతని సహచరుడు హంటరును మంగళి వద్ద సేకరించిన ఒక పురాతన ఉభయచరపు కపాలమునకు 1855లో రిచర్డ్ ఓవెన్ అను మహాపండితుడు బ్రాకియాప్స్ అని పేరు పెట్టెను. హిస్లాప్ 1863 సెప్టెంబరు 4వ తేదీన ఒక వాగు దాటుచు మునిగి మరణించెను. ఆతడు వృత్తిచే భూగర్భ శాస్త్రజ్ఞుడు కాడు. అయినను ఆతని సేకరణములు నేటికిని విలువ పోగొట్టుకొనలేదు. ఏది ఏ గ్రామమున దొరికినదో ఆతడు వ్రాసి పెట్టినందువలననే కదా!

ఇక అందరకు తెలిసిన బారపాసారస్ కథ. 1958లో మొదటి ఎముకలు కనుగొనబడినవి. కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు 1960, 1961 సంవత్సరములలో పోచంపల్లి గ్రామ సమీపమున త్రవ్వి సుమారు 300 ఎముకలు వెలికితీసిరి. 1961 రవీంద్రనాథ ఠాకూరుగారి శతజయంతి సంవత్సరము. తొడ ఎముక 1.7 మీటర్ల పొడవు. కావున 1975లో శాస్త్రీయముగా నామకరణము చేసినపుడు "పెద్ద కాలు" అను అర్థము వచ్చు బారపాసారస్ అనియు, కవీంద్రుని స్మరించుచు టాగోరై అనియు పేరు పెట్టిరి. ఆ అస్థిపంజరము నేడు కలకత్తాలో ఆ సంస్థ ప్రదర్శనశాలయందు నిలబడియున్నది.

ఇందు పిల్లలు గమనింపవలసినది ఎముకల పరిమాణమును గాదు, అవి పడియున్న తీరును. ఆ 300 ఎముకలును 276 చదరపు మీటర్ల నేలలో, పెద్ద పెద్ద చెట్ల మానులతో కలసి పడియుండెను. అవి కనీసము ఆరు జంతువులవని తేల్చిరి. ఒక జంతువునకు ఎడమ తొడ ఒక్కటే యుండును గావున, ఒకే వైపు ఎముకలు ఎన్ని యున్నవో లెక్కించినచో జంతువులు కనీసమెన్నియో తెలియును. మానులతో కలసియుండుటనుబట్టి, వరదలో ఒక మంద కొట్టుకొనివచ్చి యిచ్చట చిక్కుకొన్నదని ఊహించిరి. ప్రాణహిత వరదను చూచినవారికి ఈ ఊహ విచిత్రముగా తోచదు. త్రవ్వకమునకు ముందే ఎవడైన ఒక తొడ ఎముకను గుమ్మము ముందర మెట్టుగా వేసికొని యుండినచో ఆ లెక్క తప్పెడిది. మరియొకడు మానుముక్కలను ఏరుకొని పోయినచో వరద కథయే పుట్టకపోవును. పళ్లు మూడు తప్ప ఆ జంతువు తల దొరకనే లేదన్న సంగతి గుర్తున్నచో, ఒక్క ముక్క స్థానము చెదరుట యెంత నష్టమో బోధపడును.

స్థానము వ్రాయుట యనగా ఊరి పేరు ఒక్కటి వ్రాసినను చాలదు. "పోచంపల్లి" యని చీటీపై వ్రాసి హైదరాబాదునకు పంపినచో, చూచినవాడు చీరలు నేయు పోచంపల్లి యనుకొనును. "కోట రాయి" యన్నచో ఇల్లు కట్టించువాడు రాజస్థానమునుండి వచ్చు పరుపురాతిని తలచును. మన ఊళ్ల పేర్లు బయటివారు వ్రాయునపుడు ఒక్కొక్క కాగితమున ఒక్కొక్క తీరుగా మారుట మన రేషను కార్డులలోనే చూచుచున్నాము. తెలుగు ఊరి పేరు మరాఠీ లిపిలోనికి, అచ్చటినుండి ఆంగ్లములోనికి పోయి, మరల తెలుగులోనికి వచ్చుసరికి గుర్తుపట్టరాక పోవును. అందుచేత చీటీపై మొదట మనము పలుకునట్లు తెలుగున వ్రాసి, తాలూకా, జిల్లా చేర్చి, దగ్గరి గుడియో, వంతెనయో, వాగు మలుపో చెప్పవలెను. ఆ చీటీ వ్రాయుటకు ఆ ఊరి బిడ్డకన్న తగినవాడు లేడు. ఈ విషయమున మాత్రము మన భాష మనకు అడ్డంకి కాదు, అధికారము.

మరియొకటి. రాయి పొరలో గట్టిగా అమరియుండెనా, లేక నేలపై విడిగా పడియుండెనా యనునది తప్పక వ్రాయవలెను. ఏటి ఇసుకలో దొరికినది ఎంత దూరమునుండి దొర్లివచ్చినదో చెప్పలేము; అంచులు నునుపెక్కియుండుటయే దానికి సాక్ష్యము.

రాయి శిలాజమో కాదో పరీక్షించుటకు కొన్ని మార్గములు గలవు గాని, అందు ఏదియు పూర్తిగా నమ్మదగినది కాదు. నాపరాతి పలకలపై ఆకులవలె, నాచువలె నల్లని చిత్రములు కనబడును. చూచినవారు ప్రాచీన మొక్కలని మురియుదురు. అవి చాల పర్యాయములు పగుళ్లలో నీటితో చేరిన మాంగనీసు గీసిన బొమ్మలు. శిలగా మారిన కఱ్ఱను ఏనుగు ఎముక యనుట మన ప్రాంతమున సామాన్యము. విరిగిన ముఖమును చూచినచో కఱ్ఱయందు నారయు, కొన్నిటియందు వలయములును కనబడును. ఎముకయందు జల్లెడవంటి రంధ్రము లుండును. శిలగా మారిన కఱ్ఱ సాధారణముగా చాకుమొనకు గీతపడదు. గుండ్రని రాతి నెల్ల గ్రుడ్డనుకొనుట మరియొక పొరపాటు. 2020లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లాలో చెరువు త్రవ్వగా బయటపడిన గుండ్లను డైనోసారు గ్రుడ్లని ప్రచారము చేసిరి. అవి ఖనిజము పేరుకొని గట్టిపడిన గుండ్లని నిపుణులు తేల్చిరి. దీనికి సరిగ వ్యతిరేకమైన ముచ్చట మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలోనిది. అచ్చట గుండ్రని రాళ్లను కులదేవతలుగా కొలుచువారు. అవి నిజముగానే డైనోసారు గ్రుడ్లని 2023లో తెలిసినది. మన ఇండ్ల దేవతార్చనలో నుండు సాలగ్రామమును గండకీనది యిచ్చిన సముద్రజీవి శిలాజమే. కావున శిలాజమును చేతబట్టుట మన పెద్దలకు క్రొత్త కాదు. వారు దానిని గండకీ నది పేరుతో కలిపియే చెప్పిరని మాత్రము గుర్తుచేయుచున్నాము.

పండితులు పరీక్షించుట తమను అవమానించుటయని కొందరు పిల్లలును, వారికన్న ఎక్కువగా కొందరు తండ్రులును భావించుట చూచితిమి. ఇది తగదు. పండితులే మోసపోయిన సందర్భములు లేకపోలేదు. 1912లో ఇంగ్లండున చార్లెస్ డాసన్ అను న్యాయవాది పిల్ట్‌డౌనున ఆదిమానవుని పుఱ్ఱె దొరికినదని ప్రకటింపగా, విజ్ఞులు నలుబదేండ్లు నమ్మిరి. అది మనుష్యుని పుఱ్ఱెకు ఒరాంగుటాన్ దవడ చేర్చి, పళ్లు అరగదీసి, రంగు పూసిన కల్పితమని 1953లో తేలినది. మన దేశముననే 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ హిమాలయములలో దొరికినవని ఒక ఆచార్యుడు ప్రకటించుచు వచ్చిన శిలాజములనేకము ఇతర దేశములవిగా కనబడుచున్నవని బయటపెట్టెను. ఆ రెండవ వ్యవహారములో శిలాజములు నిజమైనవే. చెప్పిన ఊళ్లే అబద్ధములు. దానితో హిమాలయములను గూర్చిన ఎన్నో వ్రాతలు సందేహాస్పదములైనవి. ఏడవ తరగతి పిల్లవాడు "ఎక్కడిదో గుర్తులేదు సార్" అని నిజము చెప్పినచో, వానిని అట్టి ఆచార్యునికంటె ఎక్కువగా గౌరవింతుము.

ఇక పెద్దలు లేవదీయు ఆక్షేపణ ఒకటి గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "మనము చెప్పినచో బయటివారు వచ్చి ఎత్తుకొని పోదురు, మనకేమి మిగులును?" అని వారందురు. నిజమే. బారపాసారస్ కలకత్తాకు పోయినది. నదికి ఆవలి ఒడ్డున యమన్‌పల్లి వద్ద దొరికి, 1988లో యాదగిరిగారిచే కోటాసారస్ యని పేరు పొందిన జంతువు హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిచినది. కోట పేరు ప్రపంచమెల్ల తెలియును. కోట పిల్లలు ఆ అస్థిపంజరమును చూడవలెనన్నచో రైలెక్కవలెను. ఇది న్యాయమని మేమనము. అట్లని దాచిపెట్టుటయు మార్గము కాదు. ఎండకు, వానకు ఎముక పొడియగును. ఇంటిలో దాచినది తాతతో కథగా పోవును. కోటాసారస్ నమూనా యొకటి, బారపాసారస్ తొడ ఎముక పోతపోసిన ప్రతి యొకటి, తెలుగు, మరాఠీ, గోండి భాషలలో వివరణ పలకలతో సిరొంచకు రావలెనని ప్రభుత్వమును కోరుట మన హక్కు. వడదం వద్ద అటవీశాఖవారు రక్షించుచున్న చెట్ల శిలాజములను మన పిల్లలు ఏడాదికొకమారైన చూడవలెను, చూచి ముట్టక రావలెను. రిజర్వు అడవినుండి రాయి తెచ్చుట తప్పు కూడ. 1927 నాటి భారత అటవీ చట్టము అడవిలోని రాతిని సైతము అటవీ ఉత్పత్తిగానే లెక్కించును.

కావున పిల్లలకు మా మనవి యిది. పొరలో నున్నదానిని పెరుకవద్దు. ప్రక్కన కలమో, రూపాయి బిళ్లయో పెట్టి ఫోనుతో రెండు చిత్రములు తీయండి. ఒకటి దగ్గరగా, ఒకటి చుట్టుప్రక్కల గుట్టయు చెట్టును కనబడునట్లు దూరముగా. నూనె రాయవద్దు, వార్నీషు పూయవద్దు. ఆనాడే వచ్చి చెప్పండి. నాగపురములోను హైదరాబాదులోను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయములు గలవు. మేము వ్రాసి పంపుదుము, కనుగొన్నవాని పేరుతోనే పంపుదుము. పెద్ద ఎముక దొరకలేదని చిన్నబుచ్చుకొనవద్దు. కోట మట్టిని జల్లించి తీసిన ఆదిమ క్షీరదముల పళ్లు బియ్యపు గింజకన్న పెద్దవి కావు. అందొకదానికి 1981లో హాల్డేన్ గారి పేర కోటాథీరియం హాల్డేనై యని నామకరణము జరిగినది.

ఈ యేడు మా బీరువాలో రెండు అరలు ఏర్పరచితిమి. ఊరు తెలిసిన రాళ్లు పైఅరలో చీటీలతో నుండును. తెలియనివి క్రింది అరలో నుండును. ప్రస్తుతము క్రింది అరయే నిండుగా నున్నది. చేపపొలుసుల పలకయు అచ్చటనే యున్నది. దానిని తెచ్చిన పూర్వవిద్యార్థి యెవరైనను, వారి మేనమామయైనను ఈ సంచికను చదివినచో, ఏ ఊరిదో, ఏ వాగు ఒడ్డుదో ఒక్క కార్డు వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.