సన్నటి ల్యాప్‌టాప్, ఆగిపోయిన ప్రెస్సు: 9 పిన్నుల కేబుల్‌ని మనం మరీ తొందరగా మర్చిపోయాం

కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు మనం ఏం చూస్తాం? ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, బరువు. పోర్టుల లైన్ దగ్గరికొచ్చేసరికి "రెండు యూఎస్‌బీ-సీ ఉన్నాయి, చాల్లే" అని స్క్రోల్ చేసేస్తాం. నేనూ అంతే. పోయిన దసరాకి జడ్చర్ల వెళ్లేదాకా ఆ లైన్ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

మా మేనమామ బాదేపల్లి వైపు ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. పండగ మర్నాడు పొద్దున్నే ఫోన్. "అరే, ప్రెస్సు నడుస్తలేదు. నువ్వు సాఫ్ట్‌వేర్ గదరా, నీ ల్యాప్‌టాప్ పట్టుకొని జర రా" అన్నాడు.

పత్తిని బేళ్లుగా నొక్కే ఆ ప్రెస్సుని నడిపేది ఒక పాత పీఎల్‌సీ. అంటే ఏ మోటార్ ఎప్పుడు తిరగాలి, ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలి అని చెప్పే చిన్న పారిశ్రామిక కంప్యూటర్. దాని ప్రోగ్రామ్ ఒక చిన్న బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉంటుంది. సీజన్ లేని నెలల్లో ప్యానెల్‌కి కరెంటు తీసేశారు, ఆ మధ్యలో బ్యాటరీ అయిపోయింది, ప్రోగ్రామ్ ఎగిరిపోయింది. బయట పత్తి బండ్లు రావడం మొదలైంది.

అదృష్టం కొద్దీ ప్రోగ్రామ్ బ్యాకప్, దాన్ని ఎక్కించే సాఫ్ట్‌వేర్ రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. కేబుల్ కూడా బీరువాలో దొరికింది. ఒక చివర గుండ్రటి 8 పిన్నుల ప్లగ్గు, ఇంకో చివర 9 రంధ్రాల సీరియల్ ప్లగ్గు. అది పట్టే పాత డెస్క్‌టాప్ మాత్రం ఎప్పుడో తుక్కుకి పోయింది. నా ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పి చూసిన మామ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "లక్ష పెట్టి కొన్నవంటివి, గీ వైరు పెట్టే జాగ లేదా?"

జాగ లేదు మరి. ఆ కేబుల్ మాట్లాడే ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో పుట్టింది. మనం డీబీ9 అని పిలిచే 9 పిన్నుల ప్లగ్గు 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీతో కంప్యూటర్లలో పాకింది. 1996లో యూఎస్‌బీ వచ్చింది, 1998లో ఆపిల్ ఐమ్యాక్ పాత పోర్టులని ఒకేసారి పక్కన పెట్టేసింది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కానీ ఫ్యాక్టరీ యంత్రం ల్యాప్‌టాప్‌లా నాలుగైదేళ్లకి మారదు. ఇరవై ఏళ్లు నడుస్తుంది, బాగుంటే ఇంకా నడుస్తుంది.

"యూఎస్‌బీ టు సీరియల్ అడాప్టర్ కొంటే అయిపోతుంది కదా బ్రో" అంటారు. నేనూ అదే అన్నాను. లోకల్‌గా దొరికిన ఒక చౌక అడాప్టర్ పెట్టాం. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 10. లోపల ఏ చిప్ ఉందో డబ్బా మీద ఎక్కడా రాయలేదు. అసలు గొడవ ఇక్కడే ఉంది.

అడాప్టర్ అంటే వైరు మాత్రమే కాదు. లోపల ఒక చిప్ ఉంటుంది, దానికి డ్రైవర్ కావాలి. ఎక్కువగా కనిపించేవి ఎఫ్‌టీడీఐ వాళ్ల ఎఫ్‌టీ232, ప్రొలిఫిక్ వాళ్ల పీఎల్2303, డబ్ల్యూసీహెచ్ వాళ్ల సీహెచ్340. బీటెక్ ప్రాజెక్టులో ఆర్డునో నానో క్లోన్ వాడారా? చాలావాటిలో ఉండేది ఈ సీహెచ్340నే. వీటిలో పేరున్న చిప్పులకి నకిలీలు విపరీతం. ప్రొలిఫిక్ కొత్త విండోస్ డ్రైవర్లు నకిలీలనే కాదు, సొంత పాత చిప్పులని కూడా ఒప్పుకోవు. 2014 అక్టోబర్‌లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ ఇంకా ముందుకెళ్లి నకిలీ చిప్పుల ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసింది. అడాప్టర్లు ఉన్నట్టుండి మూగబోయాయి. గోల అయ్యాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేసినవాడికి పోయిందేమీ లేదు, తెలియక కొన్నవాడే మునిగాడు.

మా కథకొస్తే, మర్నాడు నేను హైదరాబాద్ బస్సెక్కి, కోఠి గుజరాతీ గల్లీలో చిప్ పేరు అడిగి మరీ ఇంకో అడాప్టర్ తెచ్చాను. ఈసారి డ్రైవర్ ఎక్కింది. కానీ విండోస్ దానికి కామ్11 అని నంబర్ ఇచ్చింది, మిల్లు సాఫ్ట్‌వేర్‌లో కామ్4 దాకే లిస్టు ఉంది. డివైస్ మేనేజర్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కామ్3కి మార్చాను. తర్వాత ప్రోగ్రామ్ సగం ఎక్కి తెగిపోవడం మొదలైంది. అదే పేజీలో లేటెన్సీ టైమర్ 16 మిల్లీసెకన్లు ఉంటే 1 చేశాను. పాత సాఫ్ట్‌వేర్‌కి జవాబు వెంటనే రావాలి, ఆలస్యమైతే లైన్ తెగిందనుకుంటుంది. ముందు పీఎల్‌సీకి కొత్త బ్యాటరీ వేసి, మళ్లీ మొదలుపెట్టాం. సాయంత్రానికి ప్రెస్సు కదిలింది. రెండు రోజుల పని పోయింది, హమాలీలకి ఆ రెండు రోజుల కూలీ కూడా.

మీకెప్పుడైనా ఇలాంటిది తగిలితే నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, అసలు కేబుల్ పెట్టకముందే అడాప్టర్ 2, 3 పిన్నుల్ని చిన్న వైరుతో కలిపి, ఏదైనా టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లో కంట్రోల్ ఆపేసి టైప్ చేయండి. కొట్టిన అక్షరాలే తిరిగొస్తే అడాప్టర్ బాగున్నట్టే. రెండు, కొన్ని ప్రోగ్రామింగ్ కేబుళ్లు కరెంటుని సీరియల్ పోర్టు నుంచే లాక్కుంటాయి, బలహీనమైన అడాప్టర్‌తో అవి నడవవు. మూడు, ఆర్‌ఎస్-232 వోల్టేజీ మైనస్ నుంచి ప్లస్ దాకా, 15 వోల్టుల వరకూ వెళ్లొచ్చు. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డుకి నేరుగా కలిపితే బోర్డు పోయినట్టే. నాలుగు, పాత ప్యారలల్ పోర్టు ప్రోగ్రామర్లకి యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కొనకండి. అది ప్రింటర్లకే పనికొస్తుంది. ఆ ప్రోగ్రామర్లు పోర్టు పిన్నులని ఒక్కొక్కటిగా నేరుగా ఆడిస్తాయి, ఆ సౌకర్యం ఇందులో ఉండదు.

ఇక నా అభిప్రాయం. ల్యాప్‌టాప్‌లో మళ్లీ 9 పిన్నుల పోర్టు పెట్టమని నేను అడగట్లేదు. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌ల అంచులో ఆ ప్లగ్గు పట్టడం కష్టం, నాకూ సన్నటి ల్యాప్‌టాపే ఇష్టం. నేనడిగేది మూడే. అడాప్టర్ అమ్మేవాళ్లు లోపలి చిప్ పేరు డబ్బా మీద రాయాలి. ఛార్జర్ మీద వాట్లు రాస్తున్నప్పుడు దీనికేం కష్టం? యంత్రం అమ్మేవాళ్లు ప్రోగ్రామ్ బ్యాకప్, సాఫ్ట్‌వేర్, కేబుల్ మూడూ యజమానికి అప్పగించాలి. మామ పెన్‌డ్రైవ్ దాచి ఉండకపోతే నా తెలివంతా ఎందుకూ పనికొచ్చేది కాదు. మూడోది మనకి, అంటే రివ్యూలు రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ. ఇయర్‌బడ్స్ కేసు మూత చప్పుడు మీద కూడా పేరా రాస్తాం. మూడు నాలుగు వందల రూపాయల అడాప్టర్‌ని ఎవరూ టెస్ట్ చేయరు. "లెగసీ" అనే ఒక్క మాటతో దాటేస్తాం. వే బ్రిడ్జి ఇండికేటర్లు, ల్యాబ్ తూకం యంత్రాలు, నెట్‌వర్క్ స్విచ్‌ల కన్సోల్ పోర్టులు చాలాచోట్ల ఇంకా ఆ భాషే మాట్లాడుతున్నాయి.

ఇప్పుడు ఆ మిల్లు ప్యానెల్ తలుపు లోపలివైపు ఒక కవర్ వేలాడుతోంది. అందులో కేబుల్, పనిచేసిన అడాప్టర్, పెన్‌డ్రైవ్, "కామ్3, లేటెన్సీ 1, బ్యాటరీ ఎప్పుడు మార్చామో తేదీ" అని రాసిన చీటీ. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఇంట్లోనో, నాన్న పనిచేసే చోటో అలాంటి కేబుల్ కనిపిస్తే పారేయమని మాత్రం చెప్పకండి. "కంప్యూటర్లు తెలిసిన పిల్లలు" కదా అని మన మాట వింటారు, నిజంగానే పారేస్తారు.